అతుకు కనబడని మాట

ట్రామ్‌లో ఎదుటివాళ్ళ పేపరు చదవడం మర్యాద కాదు. తెలుసు. కాని ఓస్లోలో చలికాలపు పొద్దున, అద్దం అవతల ఇంకా చీకటిగానే ఉన్నప్పుడు, కళ్ళకి వేరే పని ఏముంటుంది? ఎదుటి సీటు పెద్దాయన పేపరుని నిలువుగా మడిచి పట్టుకున్నారు. మడతకి ఇవతల ఒక ఇరుకు కాలమ్ నాకు కనబడుతోంది. అందులో బస్సు డ్రైవరు రెండుగా తెగి ఉన్నాడు. బస్సు డ్రైవరుని ఇక్కడ 'బుస్‌షోఫోర్' అంటారు. ఒకటే మాట, మధ్యలో ఖాళీ పెట్టరు. పంక్తి చివర చోటు చాలక పైన 'బుస్', పక్కన చిన్న గీత, కింది పంక్తి మొదట్లో 'షోఫోర్'. ఇందులో వింతేముందని అనకండి. పై ముక్క చివర రెండు ఎస్‌లు ఉన్నాయి, కింది ముక్క ఇంకో ఎస్‌తో మొదలైంది. వెరసి మూడు. అదే మాట పైన శీర్షికలో తెగకుండా ఉంది. అక్కడ ఎస్‌లు రెండే. మరి ఈ మూడోది ఎక్కణ్ణించి వచ్చినట్టు? నా స్టాపు వచ్చింది, నేను దిగిపోయాను. మూడో ఎస్ మాత్రం నన్ను వదల్లేదు.

అచ్చు తప్పు కాదని తర్వాత తెలిసింది. నార్వేజియన్‌లో రెండు మాటలు కలిసేచోట ఒకే హల్లు వరసగా మూడుసార్లు రావలసి వస్తే ఒకదాన్ని తీసేస్తారు. 'నత్' అంటే రాత్రి, 'తోగ్' అంటే రైలు. రాత్రికి చివర రెండు టీలు, రైలుకి మొదట ఒకటి. రెండూ కలిసి రాత్రి రైలు 'నత్తోగ్' అయ్యేసరికి టీలు రెండే మిగులుతాయి. ట్రాఫిక్ జామ్‌ని వీళ్ళు 'త్రఫిక్కోర్క్' అంటారు, రాకపోకలకి పడ్డ బిరడా అన్నమాట. అక్కడా మూడు కేలలో ఒకటి మాయం. అయితే పంక్తి చివర ఆ మాటని అతుకు దగ్గర విరవవలసి వస్తే, తీసేసిన హల్లుని మళ్ళీ తెచ్చి ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యాలి. కలిసి ఉన్నన్నాళ్ళూ ఒకరు వదులుకోవాలి, వేరు పడితే లెక్క ప్రకారం పంచాలి. ఉమ్మడి కుటుంబం ఆస్తి పంపకాలు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నాకు అర్థం కానిది ఒకటే. కలిసి ఉన్నప్పుడు ఆ హల్లు ఎక్కడుంటుంది? రాతలో కనబడదు, మాటలో విడిగా వినబడదు. పోనీ లేదందామా అంటే, పిలవగానే వస్తోంది కదా.

మన అచ్చులో ఈ బాధ లేదు. మన లిపి పలుకుని ముందే అక్షరాలుగా కోసి పెట్టుకుంది. పాత పుస్తకాల్లో పంక్తి నిండితే ఏ అక్షరం దగ్గరైనా తెంపి కిందికి దించేసేవారు, చాలాచోట్ల గీత కూడా పెట్టకుండా. 'కూర' పైన, 'గాయలు' కింద. లేకపోతే 'కూరగా' పైన, 'యలు' కింద. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నార్వేజియన్లకి ఉంటుంది. సమాసాన్ని అతుకు దగ్గర విరిస్తేనే వాళ్ళ కన్ను ఒప్పుకుంటుంది. ఆ అతుకేమో బయటికి కనబడదు. 'బీల్‌దేలెర్' అంటే కారు విడిభాగాలు. 'బీల్' కారు, 'దేలెర్' భాగాలు. కాని వాళ్ళ రాతలో మొదటి గుర్తులన్నీ కలిపి చూస్తే 'బిల్దె' అని మరో మాట కనబడుతుంది, బొమ్మ అని అర్థం. అలవాటు లేని కన్ను ముందు బొమ్మ దగ్గరే ఆగుతుంది. మిగిలిన తోకకి అర్థం కుదరక వెనక్కి వచ్చి మళ్ళీ కోసుకుంటుంది. ఇక్కడ పుట్టినవాళ్ళు మాత్రం ఎక్కడా తడబడరు. వాళ్ళకి అతుకు ఎలా తెలుస్తుంది?

వాళ్ళు మాటని కంటితో కోయరు, గొంతుతో కోస్తారు. సమాసంలో పెద్ద ఊనిక మామూలుగా మొదటి మాట మీద పడుతుంది. ఆ మాట విడిగా ఉన్నప్పుడు ఏ అక్షరం మీద ఊనిక ఉంటుందో అక్కడే. రెండో మాట ఊనిక చచ్చిపోదు, కొంచెం తగ్గి సర్దుకుంటుంది. 'స్తూర్' పెద్ద, 'బీ' ఊరు. రెంటినీ విడివిడిగా అని, బరువు 'బీ' మీదికి తెస్తే అది ఏదో ఒక పెద్ద ఊరు. బరువంతా ఒక్క దెబ్బగా 'స్తూర్' మీద వేసి, 'బీ'ని కిందికి దించితే 'స్తూర్‌బీ', మహానగరం. అతికించే పని చేసింది ఆ దెబ్బ ఒక్కటే. ఇంకో సంగతి విన్నప్పుడు నాకు బడిలో తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. ఊనిక పడ్డ అక్షరం నార్వేజియన్‌లో గురువై తీరాలట. అచ్చు దీర్ఘమైనా కావాలి, హ్రస్వమైతే వెనక హల్లు సాగనైనా సాగాలి. 'తాక్' అంటే ఇంటికప్పు, కె రెండుసార్లు రాసి 'తక్క్' అని సాగదీస్తే కృతజ్ఞత. లఘువు మీద ఊనిక నిలబడదు. ఇది తెలిశాక స్టాపుల పేర్లకి మనసులో గణాలు వేసుకోవడం నాకొక వ్యసనమైంది. ఊరి నడిబొడ్డున రైల్వే స్టేషను ముందున్న చౌకు పేరు 'యాణ్‌బానెతోర్గె'. గురువు, గురువు, లఘువు, గురువు, లఘువు. ఒక ఇంద్రగణం, వెనకే ఒక సూర్యగణం. ట్రామ్‌లో రికార్డు చేసిన గొంతు ఆ పేరు పిలిచినప్పుడల్లా ఏ తేటగీతి ముక్కో విన్నట్టు ఉలిక్కిపడతాను. నార్వే వాళ్ళకి చెబితే నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు.

చెవికి ఇంత స్పష్టంగా తెలిసే సంగతిని చెయ్యి మాత్రం మరిచిపోతుంటుంది. అంగళ్ళ పలకల మీద, హోటళ్ళ మెనూల్లో, కలిపి రాయవలసిన మాటల్ని విడదీసి రాయడం ఎక్కువైపోయిందని ఇక్కడి పెద్దవాళ్ళు తరచూ వాపోతుంటారు. ఇంగ్లిషు చూసి వచ్చిన జబ్బని ఎక్కువమంది తీర్పు. దీనికి పేరు కూడా పెట్టారు, 'సాష్‌క్రీవింగ్', విడిరాత. వీటి మీద జోకులకి కొదవ లేదు. 'రోయ్క్‌ఫ్రిత్' అంటే ఇక్కడ పొగ తాగరాదు. మధ్యలో ఖాళీ పెడితే నిరభ్యంతరంగా తాగండి అని. 'శిల్లింగ్‌లేవెర్' కోడి కార్జం. విడదీస్తే కోడి బతికే ఉంది. 'లమ్మెలోర్' గొర్రెపిల్ల తొడమాంసం. విడదీస్తే చచ్చుబడిన తొడలు. ఇవన్నీ ఇక్కడ అందరికీ తెలిసిన పాత జోకులే. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను, కాని భాష పాడైపోయిందన్న బెంగతో మాత్రం ఏకీభవించలేను. ఆ పలక రాసినవాణ్ణి పిలిచి పైకి చదవమనండి. చక్కగా మొదటి మాట మీద దెబ్బ వేసి, రెండో మాటని దించి, ఒక్క మాటగానే చదువుతాడు. కార్జాన్ని కార్జమనే అంటాడు, కోడిని బతికించడు. చెయ్యి తెంపినదాన్ని గొంతు తెంపలేదు. అలాంటప్పుడు తప్పు భాషదా, సుద్దముక్కదా? మాలాంటి వలస వచ్చినవాళ్ళ వ్యవహారం దీనికి తలకిందులు. తరగతిలో నేర్పారు కనక రాతలో ఖాళీ లేకుండా కలుపుతాం. మాట్లాడేటప్పుడు మాత్రం ఏ ముక్కనీ చిన్నబుచ్చడం ఇష్టం లేక అన్నిటికీ సమానంగా బరువిస్తాం. మనకి బరువు అక్షరం కొలతలోనే ఉంది, దెబ్బలో లేదు. వినేవాడికేమో మేం మహానగరం గురించి కాక ఏదో పెద్ద ఊరి గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

సమాసంలో బరువు చోటు మారితే కొంపలు మునుగుతాయని మా తాతగారు ఒక కథ చెప్పేవారు. తన కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపాడన్న కోపంతో త్వష్ట యజ్ఞం చేశాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టి పెరగాలని కోరిక. మంత్రంలో మాట 'ఇంద్రశత్రు'. ఉదాత్తం చివర పడితే అది తత్పురుషం, ఇంద్రుణ్ణి చంపేవాడు. ఉదాత్తం మొదటి మాట మీదే ఉండిపోతే బహువ్రీహి, ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు. పలకడంలో స్వరం మొదటి మాట మీద పడింది. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి మహాభాష్యం మొదట్లోనే ఈ ఉదాహరణ తెచ్చాడు. చిన్నప్పుడు నాకిది అతిశయోక్తి అనిపించేది. ఒక్క గొంతు విరుపుతో దేవతల జాతకం మారుతుందా? పొగ తాగరాదన్న పలక ఒక్క ఖాళీతో పొగ తాగమనడం చూశాక తాతగారి మీద గౌరవం పెరిగింది. నాకు తోచిన మరో మాట ఏమిటంటే, సమాసంలో ముందుమాట మీదే దెబ్బ వెయ్యడం నార్వేజియన్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. త్వష్ట ఋత్విక్కుల్ని ఓస్లో నుంచి పిలిపించుకున్నా ఇంద్రుడికి ఏ భయమూ ఉండేది కాదు.

ఉదాత్తమంటే గొంతు హెచ్చడం. నార్వేలో ఊనికకీ అలాంటి తోడు ఒకటి ఉంది. ఉత్తరాన కొన్నిచోట్ల తప్ప, దేశంలో చాలా భాగంలో ఊనిక ఉన్న మాటకి రెండు రాగాల్లో ఒకటి ఉంటుంది. ఓస్లో పలుకులో మొదటి రాగం కింద మొదలై పైకి లేస్తుంది, రెండోది పైనుంచి దిగి మళ్ళీ లేస్తుంది. 'తంకెన్' అన్న మాట మొదటి రాగంలో ట్యాంకు, రెండో రాగంలో ఆలోచన. రైతులూ 'బొన్నెర్', చిక్కుడుగింజలూ 'బొన్నెర్'. రైతులకి మొదటి రాగం, గింజలకి రెండోది. దీనికి పండితులు చెప్పే కారణం విన్నప్పుడు నాకు మళ్ళీ ఆ మూడో ఎస్ గుర్తొచ్చింది. వెయ్యేళ్ళ కిందటి పాత నార్స్‌లో రైతులన్న మాటకి ఒకటే అక్షరం, గింజలకి రెండు. తర్వాత్తర్వాత రైతుల మాటలో హల్లుల మధ్య ఒక అచ్చు దూరి, అదీ రెండక్షరాలైంది. నోరు రెండు పలుకుతోంది, రాగం మాత్రం ఇప్పటికీ ఒకటే లెక్కపెడుతోంది. ట్యాంకు సంగతీ అంతే. అసలు మాట ఒకటే అక్షరం, చివరి 'ఎన్' తర్వాత వచ్చి అతికిన ప్రత్యయం. రాగం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సమాసాలకి స్టాక్‌హోమ్ వాళ్ళు దాదాపు ఎప్పుడూ రెండో రాగమే పట్టుకుంటారు. ఓస్లో వాళ్ళు ముందుమాట ఏదో చూసుకుని అటో ఇటో పోతారు. అందులో పద్ధతి నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు, చెవి చెప్పినట్టు పోతున్నాను.

అయితే ఒకచోట మన నోటికి లాభం ఉంది. ఓస్లో వైపు ర తర్వాత త, ద, న, స వస్తే ఆ రెండూ కలిసి నాలుక మడిచి పలికే ట, డ, ణ, ష అయిపోతాయి. పిల్లవాణ్ణి రాయడం 'బార్న్' అని రాస్తారు, పలకడం 'బాణ్'. శిశువిహారం 'బాణెహాగె'. ఇది మాట లోపలే కాదు, అతుకు దగ్గరా జరుగుతుంది. వేసవి 'సొమ్మెర్', కాలం 'తీద్'. కలిస్తే నోట్లో 'సొమ్మెటీద్'. రాతలో ర, త దేని చోట అది ఉంటాయి, సంధి నోటి పనే. ఇంగ్లిషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఈ ట, ణల కోసం తరగతిలో నాలుక మెలికలు తిప్పుతుంటే మన వెనక బెంచీవాళ్ళం హాయిగా కూర్చుంటాం. రామ, అయనం కలిస్తే ర ప్రభావం వల్ల న కాస్తా ణ అయి రామాయణమైందని చదువుకున్నవాళ్ళం కదా మరి. ఆఫీసులో నా పక్క సీటావిడది బెర్గెన్. అక్కడ ర గొంతులోంచి వస్తుంది కనక ఈ మడతలు ఉండవు. నా ణకారం విని ఆవిడ, నువ్వు నాకంటే ఎక్కువ ఓస్లోదానివి అంది. (ఇక్కడ చిన్నా పెద్దా అందరికీ నువ్వే. మన 'మీరు'కి చోటు లేదు.) ఆ మెప్పు రెండో మాటకే ఆవిరైంది, ఎందుకంటే రెండో మాట సమాసం.

అతుకు దగ్గర కొన్నిసార్లు జిగురు కూడా పూస్తారు, ఒక ఎస్ గాని, ఒక ఎ గాని. ఎప్పుడు పూయాలి, ఏది పూయాలి అన్నదానికి నిఘంటువే దిక్కు. కాని ఒకచోట ఆ జిగురు తెలివికి ముచ్చటేసింది. వైన్ గ్లాసు 'వీన్‌గ్లస్', జిగురు లేదు. ఎర్ర వైన్ 'రోవీన్', అదే ఒక సమాసం. ఎర్ర వైన్ తాగే గ్లాసు 'రోవీన్స్‌గ్లస్', ఇక్కడ ఎస్ వచ్చి కూర్చుంది. ఎందుకు? ఎరుపు వైన్‌ది, గ్లాసుది కాదు అని చెప్పడానికి. మూడు ముక్కల్లో పెద్ద అతుకు ఏదో, చిన్న అతుకు ఏదో ఆ ఒక్క ఎస్ చూపిస్తుంది. మనం మాత్రం తక్కువ తిన్నామా? మనది జిగురు కాదు, రెండో మాట మొదటి హల్లునే మెత్తబరుస్తాం. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. గసడదవాదేశమని బడిలో బట్టీపట్టిన ఆ పేరుకి అర్థం నాకు ఓస్లో వచ్చాక గాని తట్టలేదు. రెండో మాట తన గట్టిదనం కొంచెం వదులుకుని, నేను ఒంటరిగా లేను సుమా అని చెప్పుకోవడం అది. వాళ్ళు ఊనిక దించుతారు, మనం హల్లు దించుతాం.

మరీ మెత్తబడిపోతే ఏమవుతుంది? కిటికీని నార్వేజియన్‌లో 'విందూ' అంటారు. మొదట్లో ఆ మాట విన్నప్పుడల్లా నాకు భోజనాలు గుర్తొచ్చేవి. పాత నార్స్‌లో అది 'విందౌగా', గాలికన్ను. గాలి, కన్ను అన్న రెండు మాటల సమాసం. కాలక్రమంలో రెండో మాట మీద ఉన్న ఆ చిన్న ఊనిక కూడా పోయింది. ఊనిక పోయాక కన్ను అరిగి అరిగి ఒక్క అచ్చుగా మిగిలింది. ఇప్పుడు ఓస్లో పిల్లవాడికి అందులో కన్ను కనబడదు. (గవాక్షంలో ఆవు కన్ను మనకి మాత్రం కనబడుతోందా?) అయితే నార్వేకి రాతభాషలు రెండు. డెన్మార్క్ ఏలుబడి 1814లో ముగిశాక కూడా రాతలో డేనిష్ పద్ధతే సాగింది. పల్లెపల్లే తిరిగి మాండలికాలు పోగుచేసిన ఈవార్ ఓసెన్ ఆ పల్లెపలుకుల నుంచి మరో రాతభాషని తయారుచేశాడు. 1885లో పార్లమెంటు దానికి సమాన హోదా ఇచ్చింది. ఇప్పుడు 'నీనోష్క్' అంటున్నది దాని వారసురాలే. అందులో కిటికీ ఇప్పటికీ 'విందౌగె'. ఒక భాషలో మూసుకుపోయిన కన్ను పక్క భాషలో తెరిచే ఉంది. రెండూ ఒకే దేశం బళ్ళలో నేర్పుతారు. ఇంత చిన్న జనాభాకి రెండు రాతలెందుకని విసుక్కునేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. నాకైతే విసుగు లేదు.

వీధుల పేర్లు చూసినప్పుడు అతుకు మీద మళ్ళీ అనుమానం వస్తుంది. 'ఆకెష్‌గాతా' అని ఒక వీధి, కలిపి రాస్తారు. దానికి దగ్గర్లోనే 'హెన్రిక్ ఇబ్సెన్స్ గాతె', విడివిడిగా రాస్తారు. మనిషి పూర్తి పేరు పెడితే వీధిని మనిషికి అంటించరు, కాస్త ఎడంగా నిలబెడతారు. గౌరవం కోసమా? నాటకకర్త ఇబ్సెన్ మరీ అంటుకు తిరిగే మనిషి కాదని పేరు కాబట్టి ఆయన వరకు సరిపోయింది.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది. కాని 'పండగబట్టలు' అన్నా 'మామిడికాయపప్పు' అన్నా మొదటి అక్షరం మీద ఒక్క దెబ్బ వేసి మిగతాదాన్ని కిందికి జార్చేస్తుంది. ఇంత పొడుగు మామిడికాయపప్పుకి ఒక్కటే ఊనికా అని మొదట్లో బాధేసేది, ఇప్పుడు కుతూహలంగా వింటున్నాను. దీనికి తోడు ఓస్లో వాక్యం చివర గొంతు పైకి లేస్తుంది, మామూలు కబురు కూడా ప్రశ్న అడిగినట్టు వినబడుతుంది. ఆ లేవడం దాని తెలుగులోకీ వచ్చేసింది. మొన్న తెనాలిలో ఉన్న మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతోంది.

"అమ్మమ్మా, నేను పప్పన్నం తిన్నాను" అంది, చివర గొంతు లేపి.

"తిన్నావో లేదో నన్నడుగుతావేమే? మీ అమ్మనడుగు" అంది మా అమ్మ.

"అడగట్లేదమ్మమ్మా, చెబుతున్నాను." గొంతు ఇంకొంచెం పైకి లేచింది.

"ఏమోనమ్మా, చెబుతున్నావేమో మరి! నాకేం తెలుసు?"